మా ఆయన ముఖం, ఆ ఊరోళ్ల అంగీలు

నేను ఐదో తరగతి వరకే చదివాను. ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. మొదలుపెట్టి రెండు పేజీలు చింపేశాను. కానీ మా మీద ఒక సినిమా తీశారు. అందులో నేను చెప్పింది కొంతే ఉంది. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకొని చదవండి. పేర్లు మాత్రం రాయను. మావీ రాయను, ఆ ఊరి పేరూ రాయను.

మాది వెంట్రుకల బేరం. ఆడవాళ్లు తల దువ్వుకున్నాక దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను ఉండలా చుట్టి గోడ సందులోనో పాత పౌడరు డబ్బాలోనో దాచిపెడతారు కదా, అవి తక్కెడలో తూచి తీసుకొని మేము స్టీలు గిన్నెలు, గంటెలు, టీ వడగట్టే జాలీలు ఇస్తాం. పిల్లలు పట్టుకొస్తే బుగ్గలు, అవే గాలి బెలూన్లు, ఊది ఇస్తాం. సూర్యాపేటలో ఒక గది కిరాయికి తీసుకొని ఉంటున్నాం. మా ఆయన మోపెడు మీద గరిడేపల్లి, పాలకీడు, నడిగూడెం దిక్కు ఊళ్లు తిరుగుతాడు. నేను సంచి భుజాన వేసుకొని సూర్యాపేట గల్లీల్లో, వారానికి ఒకసారి బస్సెక్కి మిర్యాలగూడలో తిరుగుతాను. ఇరవై ఏళ్లుగా ఇదే పని. ఎవరూ మమ్మల్ని చూసి భయపడలేదు. మేము వస్తే కుక్కలు కూడా మొరగడం మానేశాయి.

ఆ వానాకాలం ఫోన్లలో ఒకటే ముచ్చట. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందట, సంచుల్లో వేసుకుపోతారట, కిడ్నీలు తీస్తారట. ఎవరో ఒకాయన గొంతు పెద్దది చేసుకొని చెప్పిన మాటలు అందరి ఫోన్లకూ వచ్చాయి. నేనూ విన్నాను. నేను కూడా మా పక్కింటామెతో "పిల్లలు జాగ్రత్త వదినా" అన్నాను. అది నేను దాచుకోను.

ఒక ఆదివారం మా ఆయన పొద్దున్నే బయలుదేరాడు. ప్రార్థనకు పోయి వచ్చాక పొమ్మన్నాను. వినలేదు. ఆదివారమైతే పిల్లలు ఇళ్లలో ఉంటారు, బేరం అవుతుందని అన్నాడు. నేను చర్చి నుంచి వచ్చి బియ్యం కడుగుతున్నాను. పక్కింటామె ఫోను పట్టుకొని గుమ్మంలోకి వచ్చింది.

"వదినా, ఇగో సూడు. పిల్లలనెత్తుకపోయేటోడు దొరికిండంట గరిడేపల్లి అవతల. మంచిగ ఉతుకుతున్నరు."

తడి చేతులతో ఫోను పట్టుకున్నాను. అందులో జనం వీపులే కనపడుతున్నాయి. మొదట నాకు గొంతు వినపడింది. "అయ్యా, ఎంటికలకొచ్చిన అయ్యా, ఎంటికలోణ్ని" అంటున్నాడు. ఊరూరా తిరిగి అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు. ఇరవై ఏళ్లు పక్కన పడుకున్న మనిషి గొంతు నాకు తెలియదా?

"ఏందొదినా గట్లయిపోయినవ్?" అంది ఆమె.

"మా ఆయన."

"ఎవలు? యాడున్నడు?"

"కొట్టిచ్చుకునేటోడు మా ఆయనే."

ఆమె నా చేతిలోంచి ఫోను గుంజుకొని బొడ్లో దోపుకుంది. పాపం, అలా దోపుకుంటే దెబ్బలు ఆగుతాయేమో అన్నట్టు. అప్పటికి పోలీసులు నాకు ఫోను చెయ్యలేదు. దవాఖాన వాళ్లు చెయ్యలేదు. అందరికంటే ముందు, మా ఆయనను కొట్టినవాళ్లే నాకు కబురు పంపారు.

అక్కడ ఏం జరిగిందో తర్వాత మా ఆయన కొంచెం కొంచెంగా చెప్పాడు. ఆరేళ్ల పిల్ల ఒకతి బుగ్గ కావాలని వెంటపడింది. "ఊకనే ఇయ్యరు బిడ్డా, ఇంట్లకు పొయ్యి మీ అమ్మ ఎంటికలు పట్కరాపో" అన్నాడట. ఇరవై ఏళ్లుగా ప్రతి ఊళ్లో, ప్రతి పిల్లతో అనే మాటే. ఆ పిల్ల లోపలికి ఉరికి తండ్రిని లేపి అడిగింది. తల్లి నాట్లకు పోయింది. తండ్రి నిద్రలోంచి లేచి బయటికి వచ్చాడు. చేతిలో బుగ్గ పట్టుకున్న కొత్త మనిషి. పక్కన పెద్ద సంచి. తన భార్య వెంట్రుకలు తెమ్మన్నాడు. వెంట్రుకలు దొరికితే చేతబడి చేస్తారని మా దిక్కు చిన్నప్పటి నుంచి చెప్పుకుంటారు. ఫోన్లో వచ్చిన భయం ఒకటి, తాతల నాటి భయం ఒకటి, రెండూ కలిశాయి.

సంచి కింద కుమ్మరించారు. నాలుగూళ్ల వెంట్రుకలు నేల మీద పడ్డాయి.

"గింతమంది ఆడోళ్ల ఎంటికలెందుకురా నీకు?"

చెప్పాడు. ఎవరూ వినలేదు. మా సంచి తాడుతోనే కరెంటు స్తంభానికి కట్టేశారు. పోలీసులు వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. ఎడమ చేతి వేళ్లు రెండు విరిగాయి. కుడి చెవి ఇప్పటికీ వినపడదు. సూర్యాపేట దవాఖానలో నేను పోయేసరికి కళ్లు వాచి మూసుకుపోయి ఉన్నాయి. నా అడుగు చప్పుడు పట్టుకొని, "తక్కెడ ఆడనే పోయిందే" అన్నాడు. నేను తక్కెడను తిట్టాను, వెంట్రుకలను తిట్టాను, ఆదివారాన్ని తిట్టాను. తిట్టాల్సినవాళ్లు ఎదురుగా లేరు మరి.

కేసు పెట్టారు. కొంతమందిని పట్టుకున్నారు. వాళ్లు బెయిలు మీద బయటికి వచ్చి ఎవరి పొలం వాళ్లు చేసుకుంటున్నారు. మా ఆయన మాత్రం గది దాటలేదు. ఎవరైనా తలుపు కొడితే మంచం మీది నుంచి లేచి గోడకు వీపు ఆనించి నిలబడేవాడు.

ఐదారు నెలల తర్వాత సినిమావాళ్లు వచ్చారు. హీరో, పాటలు ఉండే సినిమా కాదు. డాక్యుమెంటరీ అన్నారు. ఒక అమ్మాయి, ఆమె డైరెక్టరు. కెమెరా పట్టే ఒకాయన. హైదరాబాదు నుంచి వచ్చారు. మంచివాళ్లే. కింద కూర్చున్నారు, మా గ్లాసుల్లోనే చాయ్ తాగారు.

"భయం గురించి తీస్తున్నాం అక్కా. మామూలు మనుషులు భయపడితే ఎందుకు కొడతారు, ఎలా కొడతారు అనేది" అని ఆమె చెప్పింది.

అప్పుడే నాకు ఎక్కడో చురుక్కుమంది. అయినా, చదువుకున్న పిల్ల, ఇంత దూరం వచ్చింది, తల ఊపాను.

చప్పుడు వస్తుందని ఫ్యాను బంద్ చేయించారు. మెరుస్తోందని గోడ మీది చర్చి క్యాలెండరు తీయించారు. మా ఆయన మూల కూర్చొని మంచిగా ఉన్న చేత్తో చిక్కు వెంట్రుకలు విడదీస్తున్నాడు.

"అన్నా, మీరు కూడా చెప్తారా?" అని అడిగింది.

"నేను మాట్లాడ. ఆమె మాట్లాడ్తది. ఇంట్ల గూడ ఆమెనే మాట్లాడ్తది" అన్నాడు. దెబ్బలు తిన్నాక అతను చేసిన మొదటి పరాచికం అది. నాకు నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. వాళ్లు ఆ ఏడుపు తీసుకున్నారు. తర్వాత గంటసేపు నేను తిట్టిన తిట్లు కూడా తీసుకున్నారు గానీ, సినిమాలో ఏడుపే ఉంది.

అన్నీ అయ్యాక కాగితం తీసింది. జనం తీసిన ఆ వీడియో కూడా సినిమాలో పెడతామని, మా ఆయన ముఖం మసక చేసి చూపించవచ్చని, వద్దంటే మామూలుగానే చూపిస్తామని చెప్పింది.

"మసకంటే?"

"ఎవరో గుర్తుపట్టకుండా ముఖం కప్పేస్తాం అక్కా."

నాకు మండింది. పోలీసులు దొంగలను పట్టుకొని పేపర్లో ఫొటో వేస్తారు కదా, నల్లగుడ్డ కప్పి వరసగా నిలబెడతారు. మేము చూసిన ముఖం కప్పడం అదే. తప్పు చేసినోడికే ముసుగు.

"మా ఆయన దొంగనా? ఆయన మొఖమెందుకు దాయాలె? ఏం తప్పు జేసిండు? దాయొద్దు" అన్నాను.

ఆ అమ్మాయి వెంటనే ఒప్పుకోలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి? "ఆలోచించుకోండి అక్కా, తొందర లేదు. తర్వాత ఎవరైనా గుర్తుపడితే అన్నకు ఇబ్బంది అవుతుందేమో" అంది. నేను వినలేదు. కాగితం కూడబలుక్కొని చదివాను. సంతకం పెట్టాను. మా ఆయనతోనూ పెట్టించాను. ఆయన నా ముఖం చూసి పెట్టాడు.

తర్వాత ఆ ఊరికి పోయారు. నేనూ వస్తానన్నాను. మా ఆయన వద్దన్నా పోయాను.

డైరెక్టరు ఒక పని చేసింది. అది నాకు ఇప్పటికీ నచ్చుతుంది. ఊళ్లో ఒక అరుగు మీద లాప్‌టాప్ పెట్టి, ఆ వీడియో వాళ్లకే చూపించింది. కెమెరాను వీడియో వైపు కాకుండా చూసేవాళ్ల ముఖాల వైపు తిప్పించింది. నేను కెమెరా వెనక నిలబడ్డాను. తల మీద కొంగు కప్పుకున్నాను. నేనెవరో మొదట వాళ్లకు తెలియదు.

ముందు సంబరంగానే వచ్చారు. "ఏం సారూ, మమ్ములను గూడ హీరోలను జేస్తరా?" అని ఒకాయన. "నువ్వు విలన్ వేషానికి పనికొస్తవ్ తీ, మీసం జూడు" అని ఇంకొకాయన. నవ్వులు. వీడియో మొదలైంది. నవ్వులు ఆగాయి. ఒకాయన మెల్లగా లేచి వెనక్కి పోయాడు. ఒకాయన తుండుతో నోరు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"గప్పుడు భయముండె మేడం. పిల్లలు గలోళ్లం. భయంతోటి జరిగింది" అన్నాడు మీసాలాయన.

"గా గుంపుల మా ఊరోళ్లు తక్కువ. బయటోళ్లే ఎక్కువ" అన్నాడు పక్కాయన.

"భయం మేడం. భయముంటే మనిషికి తెలివుంటదా?"

డైరెక్టరు తల ఊపుతోంది. ఏమీ అనకుండా వింటే వాళ్లే ఇంకా చెబుతారని అలా చేస్తుందట, తర్వాత చెప్పింది. నాకు అది తెలియదు. ఆమె ఒప్పుకుంటోందని అనుకున్నాను. ఇంక ఆగలేదు. కెమెరా ముందుకు పోయాను.

"భయపడ్డోడు దూరం ఉరుకుతడా, దగ్గరికొస్తడా? పాముకు భయపడితే పాము మీదికొంగి ఫోటో దీస్తవా? 'జర పక్కకు జరుగు, కనవడ్తలేదు' అంటుండొకడు గా వీడియోల. ఇన్నవా? గది భయమా? భయపడ్డది మా ఆయన. కట్టేసి ఉండె గనక ఉరకలే."

"ఆయన భార్యంట" అని వెనక గుసగుస. అరుగు ఖాళీ అయింది. కెమెరా ఆయన మాత్రం తీస్తూనే ఉన్నాడు.

మేము కారు దగ్గరికి పోతుంటే ఒక అవ్వ నా వెంట వచ్చింది. నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, గా సంచిల నా ఎంటికలు గూడ ఉండె. గంతకుముందే ఇచ్చిన. చాయ్ జాలీ ఇచ్చిండు మీ ఆయన. గాయన ఎంటికలాయన అని నాకెరికే."

"మరి చెప్పకపోతివేందవ్వా?"

"గంతమంది మొగోళ్లల్ల ఎట్ల జెప్పాలె బిడ్డా? నోరు రాలే."

డైరెక్టరు అది విని కెమెరా ఆయనను పిలిచింది. అతను వచ్చి కెమెరా ఎత్తగానే అవ్వ నా చెయ్యి వదిలేసింది. "నాకేం తెల్వది. నేను నాటుకు వోయిన" అని వెనక్కి నడిచిపోయింది. నేను ఆమెను తిట్టాను, మనసులో కాదు, బయటికే. ఒక్క ముసలామె "వీడు వెంట్రుకలోడు" అని ఉంటే ఆ చెవి ఉండేది. ఆ సంచిలో ఆ ఊరి ఆడవాళ్ల వెంట్రుకలు కూడా ఉన్నాయి కదా? ఎంతమందికి తెలియదు? మా గిన్నెలు వాళ్ల పొయ్యిల మీదనే ఉన్నాయి కదా.

ఈలోగా మా ఆయన గది దాటాడు. ఎవరూ గుర్తుపట్టని దిక్కు వెదుక్కున్నాడు. గరిడేపల్లి దారి వదిలేసి నడిగూడెం మీదుగా కోదాడ వైపు ఊళ్లకు పోవడం మొదలుపెట్టాడు. మొదటి రోజు ఒక ఊరు. మూడో రోజు రెండు. సాయంత్రం వచ్చి, "ఒకామె చాయ్ ఇచ్చిందే" అని చెప్పాడు. ఆ చాయ్ గురించి మూడుసార్లు చెప్పాడు. కొత్త తక్కెడ కొన్నాడు. పిల్లలతో మాత్రం మాట్లాడడు. బుగ్గలు తీసుకుపోవడం మానేశాడు. అయినా సరే, మనిషి మళ్లీ వీధిలో నడుస్తున్నాడు. నాకు అది చాలు అనిపించింది.

అప్పుడు డైరెక్టరు ఫోను చేసింది. సినిమా చాలా వరకు అయిందని, మిర్యాలగూడలో కొంతమందికి చూపించి వాళ్లు ఏమంటారో వింటామని, రమ్మని. మా ఆయన కోదాడ దిక్కు పోయాడు. నేనొక్కదాన్నే బస్సెక్కాను.

చిన్న హాలు. టీచర్లు, కాలేజీ పిల్లలు, ముప్పై నలభై మంది. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. సినిమా బాగానే మొదలైంది. ఫోన్లో వచ్చే ఆ గొంతు, ఊళ్లు, నాట్లు, పిల్లలు బడికి పోవడం. తర్వాత నేను, నా ఏడుపు. తర్వాత ఆ వీడియో వచ్చింది.

తెర మీద అంతా మచ్చలు. కొడుతున్నవాళ్ల ముఖాల మీద, నవ్వుతున్నవాళ్ల ముఖాల మీద, ఫోను పట్టుకున్నవాళ్ల ముఖాల మీద, ఒక్కొక్కరి మీద ఒక్కొక్క తెల్ల మచ్చ. మధ్యలో స్తంభానికి మా ఆయన. ఒక్క మా ఆయన ముఖమే కనపడుతోంది. గోడంత ముఖం. ముక్కులోంచి రక్తం, చీమిడి, నోట్లోంచి కారే చొంగ, అన్నీ.

నా పక్కన ఒక టీచరమ్మ "అయ్యో పాపం" అని కళ్లు తుడుచుకుంది. వెనక ఏదో మెరిసింది. తిరిగి చూశాను. ఒక కాలేజీ అమ్మాయి ఫోను ఎత్తి ఆ తెరను వీడియో తీస్తోంది.

"ఫోను దించు!" అని అరిచాను. "దించుతవా లేదా?"

ఆ అమ్మాయి బెదిరిపోయి దించింది. లైట్లు వేశారు. డైరెక్టరు పరుగెత్తుకు వచ్చింది.

"వాళ్ల మొఖాలెందుకు గప్పినవ్?"

"అక్కా, కేసు కోర్టులో ఉంది. తీర్పు రాకముందు చూపిస్తే సినిమానే ఆపేస్తారు. లాయరు గట్టిగా చెప్పారు."

"మరి మా ఆయన?"

"మీరే దాచొద్దన్నారు కదక్కా."

నిజమే. సంతకం నాది. అయినా కోపం తగ్గలేదు. చట్టం కొట్టినోడికి ముసుగు కప్పింది. దెబ్బలు తిన్నోడిని నేనే అంగడిలో నిలబెట్టాను. ముసుగు అంటే దొంగలకే అనుకున్నాను. అది కాపాడడానికి కూడా కప్పుతారని నాకెవరు చెప్పారు? కాపాడేది ఎప్పుడైనా మా దాకా వస్తే కదా మాకు తెలిసేది.

"బిడ్డా, గిది జూస్తే ఎవలూ కొట్టకుండనే మా ఆయనకు దెబ్బలు తగిలినట్టున్నయి" అన్నాను. "ఆయన ఇప్పుడిప్పుడే ఊళ్లకు పోతుండు. ఎవలూ గుర్తువట్టలేదని పోతుండు. గిది బయటికొస్తే ఏ వీధిల నడుస్తడు?"

"అన్న ముఖం కూడా కప్పేద్దాం అక్కా. ఒక్క రోజు పని."

"కప్పు. అప్పుడు ఎవలను ఎవలు కొడుతున్నట్టు? మచ్చను మచ్చలు గొడుతున్నట్టు."

ఒక సారు లేచి, "అమ్మా, ఆ ముఖం చూస్తేనే సమాజం సిగ్గుపడుతుంది" అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. "సిగ్గువడాల్సినోళ్ల మొఖాలు మచ్చల కిందున్నయి సారూ" అని చెప్పి బస్టాండుకు వచ్చేశాను.

ఇంటికి వచ్చి మా ఆయనతో అంతా చెప్పాను. సంతకం నా తప్పని కూడా చెప్పాను. ఆయన ఆ వీడియో అప్పటిదాకా చూడలేదు. చూపించమన్నాడు. నా ఫోన్లో ఉంది. నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. వినపడే చెవి పక్క ఫోను పెట్టుకొని, మళ్లీ కళ్ల ముందుకు తెచ్చుకొని, మొత్తం చూశాడు.

"నేను గిట్ల మొక్కిన్నా వాళ్లకు?" అన్నాడు.

ఫోను తిరిగి నా చేతిలో పెట్టాడు.

"దెబ్బలు జూస్తే జూడనియ్యి. గిట్ల మొక్కుడు జూడొద్దే ఎవలు. తీసెయ్‌మను."

తెల్లారి డైరెక్టరుకు ఫోను చేశాను. ఆ వీడియో మొత్తం తీసేయమన్నాను. మసక వద్దు, ముక్కలు వద్దు, అంతా తీసేయాలి. అది లేకపోతే సినిమాకు బలం ఉండదు, జనం నమ్మరు అంది.

"నేను జెప్తే నమ్మరా? వీడియో జెప్తేనే నమ్ముతరా?" అన్నాను.

రెండు రోజులు ఆమె నుంచి ఫోను లేదు. మూడో రోజు చేసింది. "అక్కా, మీరు గెలిచారు. తీసేస్తాను. ఆ రెండు నిమిషాలు తెర నల్లగా పెడతాను. అందులో ఏముందో మీరు చెప్తారా? మీ గొంతే వినిపిస్తాను."

ఆమెకు ఆ కష్టం లేకుండా కూడా సినిమా అయిపోయేది. కాగితం ఆమె చేతిలోనే ఉంది. అయినా ఒప్పుకుంది. ఇది కూడా రాయాలి.

కోదాడలో రికార్డింగు గది ఒకటి మాట్లాడింది. ఎలక్షన్ల ప్రచారం, దుకాణాల మైకు మాటలు రికార్డు చేసే గది. గోడలకు గుడ్డలు అతికించి ఉన్నాయి. నాకు చెమటలు పట్టాయి. ఆ గది ఆయన నా ముందు మైకు జరిపాడు.

"జానెడు దూరంలో కూర్చోండమ్మా. భయపడమాకండి. మా దగ్గర ఎమ్మెల్యేలు కూడా తడబడతారు."

"వాళ్లకు చదువుడు రాక. నాకు జూడకుండ వస్తది" అన్నాను.

చెప్పాను. పేర్లు చెప్పొద్దని లాయరు అన్నాడట. చెప్పలేదు. అంగీలు చెప్పాను. నీలం గళ్ల అంగి, చేతులు మోచేతి దాకా మడిచినోడు, కాలితో తన్నాడు. తెల్ల అంగి, జేబులో పెన్ను, పక్కవాడి భుజం మీద చెయ్యి వేసి నవ్వాడు. మట్టిరంగు అంగి, భుజం దగ్గర కుట్టు పోయినోడు, మా ఆయన రెండు చేతులు వెనక్కి విరిచి తాడు బిగించాడు. పసుపు బనీను, ఫోను పట్టుకున్నాడు, ఎండ పడుతోందని దిక్కు మార్చుకున్నాడు. చారల అంగి, చంకలో చిన్న పిల్లగాడు, వాడికి కనపడాలని ముందుకు జరిగాడు. ఆకుపచ్చ అంచు చీరామె, చెంబుతో నీళ్లు తెచ్చింది. నేను మొదటిసారి చూసినప్పుడు మా ఆయనకే ఇస్తుందనుకున్నాను. కొట్టి అలసిపోయినోడికి ఇచ్చింది.

ఏడవలేదు. ఒక్కొక్క అంగి పేరు చెప్పి ఆగాను. అయిపోయాక డైరెక్టరు, "అక్కా, ఇంకొక్కసారి, కొంచెం మెల్లగా" అంది.

"ఇంకోసారి జెప్ప. వాళ్లు మా ఆయనను ఇంకోసారి కొట్టిన్రా?" అన్నాను. గది ఆయన చెవులకు పెట్టుకున్నవి తీసి బయటికి పోయాడు. ఒక్కసారి చెప్పిందే సినిమాలో ఉంది.

సినిమా ఫోన్లలోకి వచ్చింది. మా ఆయన ముఖం ఎక్కడా లేదు. ఒకచోట మాత్రం వెంట్రుకలు విడదీసే చెయ్యి కనపడుతుంది. నడిగూడెం దిక్కు ఆయనను ఎవరూ ఏమీ అడగలేదు. నన్ను మాత్రం కొందరు గుర్తుపడుతున్నారు. మిర్యాలగూడలో ఒకామె వెంట్రుకలు ఇస్తూ, "నువ్వు మస్తు కోపంగ మాట్లాడ్తవ్ గదా" అంది. మాట్లాడతాను మరి.

మొన్న మధ్యాహ్నం ఒక కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. మగ గొంతు. నా నంబరు కేసు కాగితాల్లో ఉంది, ఎవరికైనా దొరుకుతుంది.

"అక్కా, గా సిన్మల మాట్లాడింది నువ్వే గద?"

"అవు. ఎవలు?"

"గా మట్టిరంగు అంగి ముచ్చట ఎందుకు జెప్పినవ్?"

నేను కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను.

"ఎందుకు జెప్పొద్దు?"

"ఊరంత నా దిక్కే జూస్తున్నరు. ఇంట్ల మా బిడ్డ అడుగుతుంది, నాయినా గా అంగి నీదే గదా అని. నేను కొట్టలే అక్కా. తాడు కట్టిన గంతే. కొట్టినోళ్లు వేరే ఉన్నరు."

"అంగి నీదని నేను జెప్పలే. నువ్వే జెప్తున్నవ్."

ఫోన్లో అతని వెనక ఎక్కడో బర్రె అరుస్తోంది.

"కొట్టినోళ్లు ఎవలెవలో నీకెరికనా?" అని అడిగాను.

"ఎరికే."

"మరి కోర్టుకొచ్చి జెప్పు."

"నాకు భయమైతది అక్కా."

"ఎవలంటే?"

"ఊరోళ్లంటే."

ఇన్నాళ్లూ విన్న భయాలన్నిటిలో నేను నమ్మిన భయం ఇదొక్కటే. అతను పొలాలు పంచుకున్న మనుషులు, పక్క పక్కన నాట్లు వేసే మనుషులు, వాళ్లంటే అతనికి భయం. ఆ రోజు తాడు కట్టకపోతే తననేమంటారో అనే భయం కూడా ఉండి ఉంటుంది. అది తెలిసి నాకు జాలి రాలేదు. కోపం ఇంకా పెరిగింది. ఆ భయం మా ఆయన చేతులు కట్టడానికి అడ్డం రాలేదు, ఇప్పుడు నిజం చెప్పడానికి మాత్రం అడ్డం వస్తోంది.

"మా ఆయనకు గూడ మీ ఊరోళ్లంటేనే భయం. అయినా వాయిదా వాయిదాకు కోర్టుకు వస్తుండు" అన్నాను. "వచ్చే నెల వాయిదా ఉంది. పొద్దుగాల పది గంటలకు సూర్యాపేట కోర్టుకాడికి రా. గదే అంగి తొడుక్కొని రా."

అతను ఫోను పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు.